'కజిన్' అంటే ఎవరు?

ప్రశ్న: ఇంగ్లిష్‌లో 'కజిన్' అనే మాటకు అసలు అర్థం ఏమిటి? 'సెకండ్ కజిన్', 'వన్స్ రిమూవ్‌డ్' అనే వాటికి తేడా ఏమిటి?

జవాబు: ఇప్పుడు ఎన్నో వరసలకు ఒక్కటే మాటగా చలామణీ అవుతున్న 'కజిన్', పుట్టినప్పుడు ఒకే ఒక్క వరసను సూచించేది. దీనికి మూలమైన లాటిన్ పదం 'కాన్‌సోబ్రీనస్'కు తల్లి తోబుట్టువైన స్త్రీకి పుట్టిన బిడ్డ అని తొలి అర్థం. మేనత్త బిడ్డను 'అమిటీనస్' అని, తండ్రి సోదరుని బిడ్డను 'పాట్రుయేలిస్' అని రోమన్లు వేరుగా పిలిచేవారు. 'కాన్‌సోబ్రీనస్'లో దాగి ఉన్నది సోదరి అనే అర్థమిచ్చే 'సొరోర్'. ఈ సొరోర్, ఇంగ్లిష్ 'సిస్టర్', సంస్కృతంలోని 'స్వసృ' శబ్దం ఒకే మూలం నుంచి చీలినవి కావడం ఎంతో ఆసక్తికరమైన సంగతి.

కాలక్రమంలో లాటిన్‌లోనే ఈ తేడాలు చెరిగిపోగా, ఫ్రెంచి నోట కుదించుకుపోయిన ఆ పదం, 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించిన తరువాతి కాలంలో ఇంగ్లిష్‌లోకి చేరింది. అక్కడ దాని అర్థం మరింత సడలి, తోబుట్టువులు కాని దగ్గరి బంధువులు ఎవరికైనా వర్తించింది. షేక్‌స్పియర్ 'హామ్లెట్' నాటకంలో రాజు క్లాడియస్ తన సోదరుని కుమారుడినే 'కజిన్' అని సంబోధిస్తాడు. ఇంగ్లండ్ రాజులైతే అధికార పత్రాలలో ఎర్ల్, అంతకు పై హోదా గల ప్రభువులను, చుట్టరికం ఉన్నా లేకున్నా, గౌరవార్థం అలాగే పిలిచేవారు. కాబట్టి పాత ఇంగ్లిష్ లేఖలలో ఈ మాట కనిపించగానే వరస తేల్చేయడం సరి కాదు.

ఇక మీ రెండో సందేహం. తోబుట్టువులు కాని ఇద్దరికి తాతా నాయనమ్మలు గాని, తాతా అమ్మమ్మలు గాని ఒకరే అయితే వారు ఫస్ట్ కజిన్లు. ముత్తాత, ముత్తవ్వల దగ్గర కలిస్తే సెకండ్ కజిన్లు. ఈ లెక్క ఒకే తరం వారికి మాత్రమే సరిపోతుంది. తరం మారితే ఆ ఎడాన్ని చెప్పేదే 'రిమూవ్‌డ్'. మీ ఫస్ట్ కజిన్ కుమార్తెను చాలామంది మీకు సెకండ్ కజిన్ అంటారు గాని, అది పొరపాటు. ఆమె మీకు ఒక తరం కింద ఉన్నందున 'ఫస్ట్ కజిన్, వన్స్ రిమూవ్‌డ్' అవుతుంది. సెకండ్ కజిన్ అయ్యేది మీ పిల్లలకు. ఆమెకు బిడ్డ పుడితే, రెండు తరాల ఎడం వల్ల ఆ బిడ్డ మీకు 'ఫస్ట్ కజిన్, ట్వైస్ రిమూవ్‌డ్'.