‘అమ్మను తెచ్చి నీ ఇంట్లో దింపేస్తాం’ అంటే మరిది ఎందుకు కదలడం లేదు?

ప్రశ్న: మాది తెనాలి. మా ఆయనకు ఎరువుల దుకాణం ఉంది. ఏడాది క్రితం మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. పగలు చూసుకునే ఆయమ్మకు నెలకు 12 వేలు, మందులకు, ఫిజియోథెరపీకి మరో 9 వేలు అవుతోంది. రాత్రంతా నేనే చూసుకోవాలి. మా మరిదిది బెంగళూరులో మంచి ఉద్యోగం. మొదట్లో నెలకు 10 వేలు పంపేవాడు. సంక్రాంతికి రమ్మంటే రాలేదు. ఆ కోపంతో అత్తగారితో అతను మాట్లాడే వీడియో కాల్స్ నేను ఆపేశాను. తర్వాత డబ్బు తగ్గించాడు, మూడు నెలలుగా అసలు పంపడం లేదు. అమ్మను తెచ్చి నీ ఇంట్లో దింపేస్తామని చాలాసార్లు చెప్పాం. ఉలుకూ పలుకూ లేదు. నిజంగానే దింపేయమంటారా?

జవాబు: వద్దమ్మా. దింపవద్దు, ఇకమీదట ఆ మాట అనవద్దు కూడా.

ఎదుటివాళ్లు ఏం చేస్తారన్న దాన్ని బట్టి మనం ఏం చేయాలో తేల్చుకోవాల్సిన సందర్భాలను లెక్కగట్టి చూసే శాస్త్రాన్ని గేమ్ థియరీ అంటారు. అందులో కృషికి 2005లో నోబెల్ అందుకున్న థామస్ షెల్లింగ్ బెదిరింపుల గురించి లోతుగా ఆలోచించారు. బెదిరింపును నిజం చేస్తే బెదిరించినవాళ్లకే ఎక్కువ నష్టమని అవతలివాళ్లకు తెలిసిపోతే, ఇక ఆ మాటకు విలువ ఉండదు. మీ ఆయన కన్నతల్లిని అలా గుమ్మంలో వదిలేసి రాలేరు. ఆ సంగతి తోడబుట్టినవాడికి తెలియదా? మీరు అన్న ప్రతిసారీ ఆ మాట ఇంకాస్త పలచబడింది.

ఇక సంక్రాంతి సంగతి. అతను ఎందుకు రాలేదో మీరు రాయలేదు. సెలవు దొరకలేదో, రావడం ఇష్టం లేదో. మీరు మాత్రం దాన్ని ద్రోహం కింద జమ కట్టి ఫోన్ ఆపేశారు. అతను మీరు ఫోన్ ఆపడాన్నే ద్రోహం అనుకుని డబ్బు తగ్గించాడు. 1980 ప్రాంతంలో రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే అమెరికన్ ఆచార్యుడు కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య పోటీలు పెట్టారు. ఒకే ఇద్దరు మళ్లీ మళ్లీ తలపడే ఆట అది. ప్రతిసారీ సహకరించాలా, ఎగ్గొట్టాలా తేల్చుకోవాలి. రెండు పోటీల్లోనూ అనటోల్ రాపొపోర్ట్ పంపిన చాలా చిన్న ప్రోగ్రామే గెలిచింది. అది మొదట సహకరిస్తుంది, ఆ తర్వాత ఎదుటివారు కిందటిసారి ఏం చేస్తే అదే చేస్తుంది. దానికో బలహీనత ఉంది. ఒక్కసారి పొరపాటున ఎగ్గొట్టినట్టు కనిపించిందా, ఇద్దరూ ఒకరినొకరు దెబ్బ కొట్టుకుంటూనే పోతారు. అందుకే అప్పుడప్పుడూ చూసీచూడనట్టు వదిలేసే పద్ధతి అలాంటిచోట ఇంకా బాగా నడుస్తుందని తర్వాత తేలింది. మీ ఇంట్లో ఆ గొలుసు తెగాలంటే ఎవరో ఒకరు ముందు వదలాలి. వీడియో కాల్ మీ చేతిలో పని, రేపే మొదలుపెట్టండి. మరిది కోసం కాకపోయినా, కొడుకు ముఖం చూడాలని అత్తగారికి ఉంటుంది కదా! మీ ఇద్దరి పంతానికి ఆవిడ శిక్ష అనుభవిస్తున్నారు, అది నాకు బాధగా ఉంది. ఆ మూడు నెలల బాకీ ఊసు కూడా ప్రస్తుతానికి ఎత్తకండి.

అలాగని అన్నీ మీరే మోయమని కాదు. మీరు పంపిన లెక్కలో 21 వేలు ఉన్నాయి, మీ రాత్రులు లేవు. తనంతట తాను కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. మీ మరిదికి ఆ పని తెలిసే అవకాశమే లేదు. ముందు దాన్ని కాగితం మీద పెట్టండి.

ఆస్తి పంపకాల్లో ఒకరు వాటాలు వేస్తే రెండోవారు కోరుకునే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. వాటాలు వేసినవారికి మిగిలిందే దక్కుతుంది కాబట్టి రెండూ సమంగా ఉండేలా వాళ్లే జాగ్రత్తపడతారు. బాధ్యతలకూ ఇదే పద్ధతి వాడండి. మీరూ మీ ఆయనా కూర్చుని రెండు కాగితాలు రాయండి. ఒకదాని మీద: అమ్మ ఈ కాగితం తీసుకున్నవారి ఇంట్లోనే, రాత్రి సేవ, ఆసుపత్రి తిప్పట అంతా వాళ్లదే. రెండోదాని మీద: ఖర్చు మొత్తం, పైగా ఏడాదికి రెండుసార్లు పదిహేను రోజులు వచ్చి తల్లి దగ్గర ఉండటం. ఏది కావాలో మరిదిని ఎంచుకోమనండి. బహుశా రెండోదే తీసుకుంటాడు. తానే కోరుకున్న వాటా గనుక రేపు ‘నామీద రుద్దారు’ అనలేడు. కానీ ‘మొదటిది నాకివ్వండి, అమ్మను ఇక్కడ చూసుకుంటా’ అన్నాడంటే పంపడానికి మీరు సిద్ధంగా ఉండాలి. ఆ మనసు లేకపోతే ఈ కాగితాలూ పాత బెదిరింపు లాంటివే అవుతాయి. అందుకే రాసేముందు అత్తగారిని అడగండి. ఎక్కడ ఉండాలో చెప్పాల్సింది ఆవిడ.

అతను రెండోది తీసుకుంటే, డబ్బు మీ ఆయనకు పంపమనకండి. ఆయమ్మ జీతం ఆవిడ ఖాతాకే, మందుల బిల్లు షాపుకే నేరుగా కట్టమనండి. ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అన్న అనుమానం అక్కడే పోతుంది. ముందు రెండు నెలలు నడిపి చూసి, తేడా ఉంటే కాగితాలు మార్చుకోండి.

ఏదీ కుదరకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. మీ అత్తగారు ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ఆ చట్టం కింద నెలకు 10 వేలకు మించి ఇప్పించరు, మీ ఖర్చులో అది సగం కూడా కాదు. పైగా కొడుకు మీద దరఖాస్తు పెట్టాల్సింది ఆవిడే, తనవల్ల కాకపోతే ఆవిడ అధికారం ఇచ్చినవారు. ఆవిడ సరేననేదాకా మరిది దగ్గర ఆ చట్టం మాట ఎత్తకండి.