డ్రింక్‌లో మత్తుమందు కలిపారో లేదో చిన్న టెస్ట్ స్ట్రిప్ చెప్పగలదా?

కొంతవరకే. బజారులో దొరికే స్ట్రిప్పుల్లో చాలావాటి పద్ధతి కోవిడ్ ర్యాపిడ్ టెస్టు లాంటిదే, ఫలితం మాత్రం తలకిందులుగా చదవాలి. మత్తుమందు అణువు చాలా చిన్నది, కోవిడ్ టెస్టులోలా రెండు యాంటీబాడీలు (ఒక పదార్థాన్ని గుర్తుపట్టి అతుక్కునే ప్రొటీన్లు) ఒకేసారి పట్టుకునేంత చోటు దానిలో ఉండదు. అందుకే పోటీ పద్ధతి వాడతారు. టెస్ట్ గీత దగ్గర ముందే అతికించిన మత్తుమందు, డ్రింక్‌లోని మత్తుమందు ఒకే యాంటీబాడీల కోసం పోటీ పడతాయి. డ్రింక్‌లో మత్తుమందు ఉంటే యాంటీబాడీలు దానికే అతుక్కుపోతాయి, టెస్ట్ గీత పడదు. అంటే రెండు గీతలు వస్తే ఆ మత్తుమందు దొరకలేదని, కంట్రోల్ గీత (స్ట్రిప్ సరిగా పనిచేసిందని చూపేది) ఒక్కటే వస్తే అనుమానించాలని అర్థం. పబ్బు చీకట్లో, టెన్షన్‌లో దీన్ని తిరగేసి చదవడం చాలా తేలిక.

అసలు చిక్కు వేరే ఉంది. ఒక్కో స్ట్రిప్ కొన్ని మత్తుమందులనే గుర్తిస్తుంది. ఆందోళన తగ్గించే మాత్రలైన అల్ప్రాజోలం, డయాజెపామ్ కోసం చేసినదానికి వేరే రకం మత్తుమందులైన కెటమిన్, జీహెచ్‌బీ కనబడవు. తెలంగాణ కల్తీ కల్లులో అల్ప్రాజోలంతో పాటు వాడే క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమత్తు రసాయనం కూడా అంతే. పాలు, క్రీమ్, పుల్లటి రసాలు కలిస్తే ఫలితం తప్పొచ్చు. చెప్పకుండా ఎక్కువ పోసిన మద్యాన్ని ఏ స్ట్రిప్పూ పట్టలేదు.

అయినా పనికిరానివని అనను. కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి చాలా బార్లు ఈ కిట్లను అందుబాటులో ఉంచాలని చట్టమే ఉంది. కానీ స్ట్రిప్ ‘ఏమీ లేదు’ అన్నా, తాగినదానికి మించి మత్తు కమ్మితే తోడు తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జీహెచ్‌బీ ఆనవాళ్లు మూత్రంలో సుమారు 12 గంటలే నిలుస్తాయి, రక్తంలో ఇంకా తక్కువ.