ప్రేమ పాలెంత, సస్పెన్స్ పాలెంత? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ప్రేమా సస్పెన్సూ కలిసిన నవలలు సగం దాకా ఊపిరి తిప్పుకోనివ్వవు. ఆ తర్వాత చప్పబడిపోతాయి. హంతకుడెవరో ఇంకా తెలియకపోయినా ఆసక్తి ఎందుకు పోతుంది?

జవాబు: రెండింటి నడక వేరు. సస్పెన్స్‌కి తొందరెక్కువ, ప్రేమకి తీరిక కావాలి. మొదటి సగంలో పరిచయం, అనుమానం, ప్రమాదం అన్నీ కొత్తే కాబట్టి ఈ చిక్కు పైకి కనిపించదు. సగం దాటాక ఇద్దరూ దగ్గరవ్వాలి, ప్రమాదమూ దగ్గరవ్వాలి. చెయ్యి తిరగని రచయిత ఇక్కడ ఒక అధ్యాయం దానికి, ఒక అధ్యాయం దీనికి అని వాటాలు వేస్తాడు. తలుపు బయట హంతకుడు పొంచి ఉండగా లోపల నాలుగు పేజీల సరసం నడిస్తే ఆ భయమూ నమ్మబుద్ధి కాదు, ఆ ప్రేమా నమ్మబుద్ధి కాదు. తీరిక సన్నివేశాలకి సరైన చోటు ప్రమాదం అప్పటికి తప్పిపోయిన తర్వాత.

అతుకు ఎక్కడుందో పట్టుకోవాలంటే ఒక ప్రేమ సన్నివేశాన్ని వదిలేసి తర్వాతి అధ్యాయం చదవండి. పరిశోధనలో ఏమీ తేడా రాకపోతే ఆ సన్నివేశం అతికించిందే. ఆ రాత్రి నమ్మి చెప్పిన ఒక మాట మర్నాడు ప్రాణం మీదికి తెచ్చిందనుకోండి, అప్పుడది కథలో భాగం. తిరగేసి కూడా చూడాలి: హత్యను తీసేస్తే ఆ ఇద్దరి మధ్య ఏదైనా అడ్డంకి మిగులుతుందా? మిగలకపోతే అసలక్కడ ప్రేమకథ లేనట్టే.

బాగా కుదిరిన నవలల్లో రెండు దారాలూ ఒకే ముడి దగ్గర కలుస్తాయి. ‘ఈ మనిషిని నమ్మొచ్చా?’ అన్నదే ఆ ముడి. 1938లో వచ్చిన డాఫ్నీ డు మారియే నవల ‘రెబెక్కా’లో భర్త మొదటి భార్యని మర్చిపోలేదేమోనన్న బెంగ ప్రేమకథ, ఆ మొదటి భార్యకి అసలేమైందన్నది సస్పెన్స్. ఒకటి తేలకుండా రెండోది తేలదు. ఇంతకు మించి చెబితే చదవనివాళ్లు నన్ను క్షమించరు.

ప్రశ్న: ప్రతి అధ్యాయం చివరా ఒక ట్విస్ట్. అయినా ఆవలింతలొచ్చాయి. లోపం నాదా, నవలదా?

జవాబు: నవలదే. దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింద బాంబు ఉదాహరణ ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుండగా ఉన్నట్టుండి బాంబు పేలితే చూసేవాళ్లు 15 సెకన్లు ఉలిక్కిపడతారు. బాంబు ఉందనీ, ఎప్పుడు పేలుతుందనీ ముందే తెలిస్తే అదే పిచ్చాపాటీ 15 నిమిషాలు గుండెలు గుబగుబలాడిస్తుంది. ట్విస్ట్ సంగతి దాచిపెడుతుంది, సస్పెన్స్ సంగతి చెప్పి ఆగమంటుంది. ప్రతి అధ్యాయంలోనూ దాచడమే పనైతే పాఠకుడికి ఎదురుచూడటానికి ఏమీ ఉండదు. మూడో ట్విస్ట్ వచ్చేసరికి ‘ఇదీ అబద్ధమేలే’ అనుకుని దేన్నీ పట్టించుకోవడం మానేస్తాడు. వారంవారం వచ్చే సీరియల్‌కి ఆ కొసమెరుపులు అవసరమే. వాటిని చెక్కకుండా ఉన్నవి ఉన్నట్టు పుస్తకంగా వేస్తేనే ఈ బాధ.

ప్రశ్న: ఒక్క ఫోన్ చేస్తే తీరిపోయే అపార్థాన్ని మూడు వందల పేజీలు సాగదీస్తే తట్టుకోవడమెలా?

జవాబు: తట్టుకోనక్కర్లేదు. అయితే తప్పు అపార్థానిది కాదు, దాని వెనక మరే అడ్డంకీ లేకపోవడానిది. జేన్ ఆస్టెన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (1813) 61 అధ్యాయాల నవల. 34వ అధ్యాయంలో హీరో పెళ్లి ప్రస్తావన తెచ్చి తిరస్కారం పొందుతాడు. 35వ అధ్యాయంలోనే ఉత్తరం రాసి తన మీది ప్రధానమైన ఆరోపణలకి సమాధానం చెబుతాడు. వాస్తవాలు అక్కడే తేలిపోయినా కథ ఇంకా 20కి పైగా అధ్యాయాలు నడుస్తుంది, ఎందుకంటే అతని గర్వం, ఆమె తొందరపాటు ఉత్తరంతో పోయేవి కావు. మీరు చదివిన నవలలో నిజం తెలిసిన మరుక్షణం ఇద్దరూ కౌగిలించుకుంటే, ఆ మూడు వందల పేజీలూ ఫోన్ కోసం కాచుకుని కూర్చున్నవే.

ప్రశ్న: నాలుగో వంతు కూడా పూర్తవకుండానే నేరస్తుణ్ణి కనిపెట్టేశాను. రచయిత తేలిపోయినట్టేనా?

జవాబు: ఎలా కనిపెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. కథలోని ఆధారాలు కూడి చెప్పారా, లేక ‘మరీ మంచివాడుగా చూపిస్తున్నారు కాబట్టి వీడే’ అనుకున్నారా? మొదటిది మీ గెలుపు, రెండోది రచయిత ఓటమి. 1929లో ఇంగ్లిష్ రచయిత రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకి రాసిన పది నియమాల్లో మొట్టమొదటిది, నేరస్తుడు కథ తొలి భాగంలోనే కనిపించాలని. డిటెక్టివ్‌కి దొరికిన క్లూ పాఠకుడికీ దొరకాలన్నది మరొకటి. అంటే అన్నీ ఎదుటే పెట్టి కంటికి ఆనకుండా చెయ్యాలి. నాలుగైదు వస్తువుల వరసలో అసలుదాన్ని మధ్యలో ఇరికించడం పాత పద్ధతి. ప్రేమ ఉన్న నవలకి ఇంకో సౌకర్యముంది: క్లూ చెప్పిన మరుసటి వాక్యంలో అతను ఆమె చెయ్యి పట్టుకుంటే క్లూని గుర్తుపెట్టుకునేదెవరు?

ప్రశ్న: నవల మీద అభిప్రాయం రాస్తుంటే కథ బయటపడిపోతోంది. దాచితే ‘బాగుంది, చదివించింది’ తప్ప ఏమీ మిగలడం లేదు.

జవాబు: పుస్తకం మూసేశాక రాయడం మొదలుపెట్టడమే దీనికి మూలం. చదువుతుండగా మూడు చోట్ల ఆగండి: నాలుగో వంతు, సగం, ముప్పాతిక. ప్రతిచోటా రెండే వాక్యాలు: ఎవరి మీద అనుమానం, ఎందుకు? ఈ ఇద్దరూ కలవాలని ఉందా, ఏం అడ్డుపడుతోంది? పేజీ నంబరు వేసుకోండి. ముగింపు తెలిశాక మన జ్ఞాపకం ‘నాకు ముందే తెలుసు’ అని బొంకుతుంది, ఈ కాగితం బొంకదు.

రాసేటప్పుడు మొదటి నాలుగో వంతులో జరిగింది ధైర్యంగా చెప్పొచ్చు. అది దాటాక సంఘటనలు వద్దు, వాటి ప్రభావం రాయండి: ‘సగం దగ్గర వారం రోజుల కథ ఒక్క పేరాలో దాటేశారు, అక్కడే ఆమె మనసు మారింది, నమ్మలేకపోయాను’ అన్నట్టు. ఇందులో రహస్యమేదీ పోలేదు, లోపం మాత్రం తెలిసింది.

‘చివర్లో పెద్ద ట్విస్ట్ ఉంది’ అన్నదీ గుట్టు విప్పడమే. అది విన్నవాడు మొదటి పేజీ నుంచే ఎవర్నీ నమ్మడు. ‘హంతకుణ్ణి కలలో కూడా ఊహించలేరు’ అంటే అనుమానితుల్లో ముందున్నవాణ్ణి మీరే విడుదల చేసినట్టు. ప్రేమకథ సుఖాంతమని చెప్పడం మాత్రం నేరం కాదు. ఆ పాఠకులకి కలుస్తారన్నది తెలిసిన సంగతే, ఎలా కలుస్తారన్నదే కావాలి. విషాదాంతమైతే ముగింపు చెప్పకుండా ‘బరువైన కథ’ అని ఒక్క మాట వేసి వదిలెయ్యండి.

ప్రశ్న: చివరి పేజీ ముందు చదివే అలవాటు నాకుంది. ఇంట్లో అందరూ తిడుతున్నారు.

జవాబు: తిట్టేవాళ్లకి ఈ సంగతి చెప్పండి. శాండియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ముగింపు ముందే తెలిసినవాళ్లు కథల్ని ఎక్కువ ఇష్టపడ్డారు. అవి చిన్న కథలు, నవలలు కావు, కాబట్టి మరీ విర్రవీగకండి. అయితే ఆ పేజీలో ఉన్నది పక్కవాళ్లకి చెప్పారంటే వాళ్ల తిట్లు న్యాయమే.