అమెరికాలో పోలీసు సంఘాలు రాష్ట్ర చట్టాలను ఎలా ప్రభావితం చేస్తాయి?

ఓటింగుకు చాలా ముందే, ఒక్కో మాట మీద పట్టుబట్టి. కాలిఫోర్నియాలో 2019 నాటి ఏబీ 392 బిల్లునే చూడండి. పోలీసులు ప్రాణం తీసే స్థాయిలో బలం వాడటం ‘సహేతుకం’ అయితే చాలదు, ‘అవసరం’ అయి ఉండాలని అది కోరింది. సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. చర్చల తర్వాత ‘అవసరం’ అనే మాట నిలిచింది, దాని నిర్వచనం మాత్రం ఎగిరిపోయింది. అప్పుడు సంఘాలు వ్యతిరేకత మానుకున్నాయి, ఆగస్టులో గవర్నర్ సంతకం చేశారు. పోలీసుల శిక్షణను పెంచే ఎస్‌బీ 230 అనే మరో బిల్లుకు అవే సంఘాలు మద్దతిచ్చాయి.

పోలీసులకు తమ గొంతు వినిపించే హక్కు ఉండాల్సిందే. కానీ కాల్పుల్లో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ తొలగిన నిర్వచనమే అన్నిటికన్నా ముఖ్యం. మన దేశంలోనైతే 1966 చట్టం ప్రకారం పోలీసులు అనుమతి లేకుండా కార్మిక సంఘంలో చేరడానికే వీల్లేదు.