గుణుపురం చెల్లికి, ఆ పట్టిక తీసెయ్ అని

చెల్లీ,

నీ వ్యాసం మొన్న రాత్రి కరెంటు పోయినప్పుడు ఫోన్‌లోనే చదివేసాను. తప్పుల్లేవు గానీ, ఏటంటే, పదో క్లాసు గైడులా ఉంది, ఎడమ పక్క ఏకకణ జీవులు, కుడి పక్క బహుకణ జీవులు, మధ్యలో గీత. గిడుగు రామ్మూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మీకు ఎంత దూరమని, "క్రియలన్నియు ఒకే కణమునందు జరుగును" అంటావేటమ్మా, ఆయన జీవితమంతా పోట్లాడింది ఈ 'జరుగును' మీదే కదా.

పారమీసియంనే తీసుకో. మీ చెరువు నీళ్లలో దొరికేదే, పావు మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. చుట్టూ ఉన్న నీళ్లు దాని లోపలికి ఊరికే దూరిపోతా ఉంటాయి, తోడెయ్యకపోతే ఉబ్బి పగిలిపోద్ది, అందుకని లోపల చిన్న సంచీలు, నిండడం, బయటికి చిమ్మడం, మళ్లీ నిండడం, ఇదే పని. తిండి, ఈత, ఈ తోడుడు అన్నీ ఆ ఒక్క కణమే, ఒంటిచేతి సంసారం. మన ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలున్నాయి, పనులు పంచేసుకున్నాయి. ఎర్ర రక్తకణం ఆక్సిజన్ మోసే సరుకుకి చోటు కావాలని తన కేంద్రకాన్నే వదిలేసుకుంది, ఇంక అది రెండుగా చీలలేదు, ఓ 120 రోజులు మోసి పోద్ది. నన్నడిగితే తేడా అంతా ఇక్కడే ఉంది, దీనికి నువ్వు ఒక్క లైను ఇచ్చావు.

ఏకకణ జీవుల్ని "అల్పజీవులు" అన్నావు, ఆ మాట కొట్టెయ్. మన కొండల్లో మలేరియా తెచ్చే ప్లాస్మోడియం ఒక్క కణమే, 1897లో రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో చూసింది దాన్నే. ఒంట్లోకి వచ్చాక ముందు కాలేయంలో పెరిగి, తర్వాత అది దూరేది ఆ ఎర్రకణాల్లోకే. నాకు రెండుసార్లు వచ్చింది, మూడు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు, అల్పమట!

ఇంకోటి, డిక్టియోస్టీలియం అని మట్టిలో ఉంటుంది. తిండి ఉన్నన్నాళ్లూ ఏ కణం దాని దారి దానిదే, బ్యాక్టీరియాని తింటా తిరుగుద్ది. తిండి అయిపోతే లక్ష దాకా పోగయ్యి ఒక్క ఒళ్లయిపోతాయి, అందులో ఐదో వంతు కాడగా మారి చచ్చిపోతాయి, మిగతావి ఆ కాడెక్కి విత్తుల్లా బతుకుతాయి. దీన్ని నీ పట్టికలో ఏ గడిలో పెడతావు?

మొదలు మాత్రం ఈ ఒంటికణం జీవుల్ని మొట్టమొదట సూక్ష్మదర్శినిలో చూసిన లీవెన్‌హుక్‌తో వద్దు, అందరూ అక్కడే మొదలెడతారు. జీలుగు కల్లుతో పెట్టు, దించినప్పుడు తియ్యగా ఉన్నది సాయంత్రానికి తలకెక్కుతోందంటే ఆ పని ఈస్ట్‌ది, అదీ ఒక్క కణమే. మీ నాన్నగారు చదివి ఏమంటారో నాకు తెలీదు మరి.

తిరగరాసింది మామూలు మెసేజ్‌లా పంపు, పీడీఎఫ్ నా ఫోన్‌లో తెరుచుకోదు.