ఖాళీ లిస్ట్ వస్తుంటే ముందు పేజీ సోర్స్ తెరిచి చూడండి

మీ ప్రశ్నలో రెండు సమస్యలు కలిసిపోయాయి. పైథాన్‌తో వెబ్ పేజీల్లోని టేబుల్స్ నుంచి డేటా తీస్తుంటే, ఒక పేజీలో టేబుల్ కళ్ళ ముందే కనిపిస్తున్నా, హెచ్‌టీఎంఎల్‌ని చదివే బ్యూటిఫుల్ సూప్ లైబ్రరీలో ఫైండ్ ఆల్ ఖాళీ లిస్ట్ ఇస్తోందన్నారు. ఇంకో పేజీలో డేటా వస్తోంది గానీ కొన్ని వరుసల్లో విలువలు పక్క కాలమ్‌లోకి జరిగిపోతున్నాయన్నారు. రెండిటితోనూ తల బద్దలు కొట్టుకున్నవాణ్ణే కాబట్టి విడివిడిగా చెప్తాను.

ముందు ఖాళీ లిస్ట్ సంగతి. కోడ్ జోలికి వెళ్ళకండి. బ్రౌజర్‌లో కంట్రోల్ యూ కొట్టి పేజీ సోర్స్ తెరిచి, టేబుల్లో కనిపిస్తున్న ఏదో ఒక విలువని అందులో వెతకండి. ఇన్‌స్పెక్ట్‌లో వెతికితే లాభం లేదు, ఎందుకంటే అది చూపించేది జావాస్క్రిప్ట్ నడిచాక తయారైన పేజీని, మీ పైథాన్ స్క్రిప్ట్‌కి అందేది సర్వర్ పంపిన పచ్చి హెచ్‌టీఎంఎల్. ఈ తేడా తెలియక నేను రెండు రోజులు సెలెక్టర్లు, అంటే పేజీలో ఏ భాగం కావాలో చెప్పే గుర్తులు, మార్చుకుంటూ కూర్చున్నాను. అసలు అందులో లేని టేబుల్ ఏ సెలెక్టర్‌కి దొరుకుతుంది?

సోర్స్‌లో ఆ విలువ లేకపోతే డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, పేజీ వెనకాల నుంచి పంపే రిక్వెస్ట్‌లని మాత్రమే చూపించే ఎక్స్‌హెచ్‌ఆర్ ఫిల్టర్ పెట్టి, పేజీని రీలోడ్ చేయండి. చాలాసార్లు టేబుల్ మొత్తం జేసన్ అనే డేటా రూపంలో ఏదో ఒక రిక్వెస్ట్‌లో వస్తూ కనిపిస్తుంది, నేరుగా ఆ అడ్రస్‌నే అడిగితే ఇక హెచ్‌టీఎంఎల్‌తో పనే ఉండదు. నిజం బ్రౌజర్‌నే కోడ్‌తో నడిపించే సెలీనియం, ప్లేరైట్ లాంటివి అది కూడా కుదరనప్పుడే. చాలామంది మొదటే అక్కడికి పరిగెత్తి అనవసరంగా పని పెంచుకుంటారు.

సోర్స్‌లో ఉండి కూడా దొరకట్లేదా? ఎక్స్‌పాత్‌ని, అంటే పేజీలో ఒక భాగానికి చేరే దారిని, బ్రౌజర్ నుంచి కాపీ చేశారేమో చూసుకోండి. పేజీ రాసినవాళ్ళు టేబుల్ వరుసల చుట్టూ ఉండే టీబాడీ ట్యాగ్ పెట్టకపోయినా బ్రౌజర్ తనంతట తనే చేర్చుకుంటుంది, అందుకే కాపీ చేసిన పాత్‌లో టీబాడీ ఉంటుంది, పైథాన్‌లో హెచ్‌టీఎంఎల్ చదివే ఎల్‌ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీ చదివినదాంట్లో ఉండదు. ఆ ఒక్క ముక్క తీసేసి చూడండి.

ఇక కాలమ్స్ జరిగిపోవడం. ఇది దాదాపుగా రోస్పాన్ పనే, అంటే ఒకే గడి కొన్ని వరుసలకి సాగి ఉండడం. ఒక దేశం పేరు మూడు నగరాల పక్కన మూడు వరుసలకి సాగి ఉందనుకోండి, హెచ్‌టీఎంఎల్‌లో ఆ పేరు మొదటి వరుసలోనే ఉంటుంది, తర్వాతి రెండు వరుసల్లో ఒక టీడీ, అంటే ఒక గడి, తక్కువ. మీ లూప్ పాపం టీడీలని లెక్కపెట్టుకుంటూ పోతుంది, దాంతో దేశం కాలమ్‌లో నగరం, నగరం కాలమ్‌లో జనాభా వచ్చి కూర్చుంటాయి. దీన్ని చేత్తో సరిచేసే కోడ్ నేను ఒకసారి రాశాను, మళ్ళీ రాయను. టేబుల్ డేటాతో పనిచేసే పాండాస్ లైబ్రరీలో రీడ్ హెచ్‌టీఎంఎల్ వాడండి, 0.24 వెర్షన్ నుంచి రోస్పాన్, కాలమ్స్ మీదుగా సాగే కోల్‌స్పాన్ అదే చూసుకుంటుంది, సాగిన విలువని కింది వరుసల్లోనూ నింపుతుంది. పేజీలో ఒక్క టేబుల్ ఉన్నా అది ఇచ్చేది లిస్టే, కాబట్టి సున్నా ఇండెక్స్‌తో తీసుకోవాలి. పది టేబుల్స్ ఉంటే మ్యాచ్ అనే ఆర్గ్యుమెంట్‌లో మీ టేబుల్లో మాత్రమే ఉండే ఒక మాట ఇవ్వండి. పేజీని స్ట్రింగ్‌గా ఇస్తుంటే దాన్ని ఫైల్‌లా చూపించే స్ట్రింగ్ ఐఓలో చుట్టి ఇవ్వండి, పాండాస్ 2.1 నుంచి నేరుగా ఇవ్వడాన్ని ఒప్పుకోవడం మానేస్తూ వచ్చారు.

అయితే నాకు బాగా దెబ్బ తగిలింది ఇక్కడే. ఎర్రర్ వస్తే కనీసం ఆగి చూస్తాం, ఇది ఏ ఎర్రర్ లేకుండా తప్పు డేటా చేతిలో పెడుతుంది. దశాంశానికి చుక్క బదులు కామా వాడే ఒక పేజీ నుంచి కొలతలు తీశాను. రీడ్ హెచ్‌టీఎంఎల్ కామాని డిఫాల్ట్‌గా వేలని విడదీసే గుర్తు అనుకుని తీసేస్తుంది, అంటే 3,5 కాస్తా 35 అయిపోయింది, 4 మాత్రం 4 గానే ఉంది. గ్రాఫ్ గీశాక పళ్ళ చక్రంలా పైకీ కిందకీ ఎగిరిపడుతుంటే అప్పుడు గానీ అనుమానం రాలేదు. అలాంటి పేజీలకి థౌజండ్స్‌లో చుక్క, డెసిమల్‌లో కామా అని చెప్పాలి. ముందు సున్నాలున్న కోడ్‌లతోనూ ఇదే గొడవ, 0042 వచ్చేసరికి 42 అవుతుంది, ఆ కాలమ్‌కి కన్వర్టర్స్‌లో ఎస్‌టీఆర్ ఇవ్వండి. దేశాల రెండక్షరాల కోడ్‌లు తీస్తుంటే నమీబియా మాయమైపోతుంది, దాని కోడ్ ఎన్ఏ కదా, పాండాస్ దాన్ని ఖాళీ విలువ అనుకుంటుంది! కీప్ డిఫాల్ట్ ఎన్ఏకి ఫాల్స్ ఇస్తే తిరిగొస్తుంది.

403, అంటే అనుమతి లేదనే ఎర్రర్, వస్తే సర్వర్ మీ యూజర్ ఏజెంట్‌ని, అంటే అడుగుతున్నది ఏ ప్రోగ్రామో చెప్పే పేరుని, చూసి పొమ్మంటోందేమో. సైట్ నియమాలు, స్క్రిప్ట్‌లు ఏ పేజీలు చదవొచ్చో చెప్పే రోబోట్స్ ఫైల్ డేటా తీసుకోనిస్తుంటే హెడర్‌లో మీ స్క్రిప్ట్ పేరు పెట్టి అడిగి చూడండి. ఏదైనా సరే, పేజీని ఒక్కసారి దించి ఫైల్‌గా దాచుకుని, ప్రయోగాలన్నీ ఆ ఫైల్ మీదే చేసుకోండి. లూప్‌లో చిన్న తప్పు సరిచేసిన ప్రతిసారీ రెండొందల పేజీలు మళ్ళీ మళ్ళీ దించుతూ పోయి ఒకసారి బ్లాక్ అయ్యాను, తప్పు పూర్తిగా నాదే.

రీడ్ హెచ్‌టీఎంఎల్‌తో కూడా వరుసలు జరుగుతుంటే, జరిగిన వరుసా దాని పై వరుసా, రెండిటి హెచ్‌టీఎంఎల్ పెట్టండి, చూస్తాను.