సేవా క్లబ్బులో చేరితే నిజంగా సేవ చేయగలమా?

స్నేహితుడు సేవా క్లబ్బులో చేరమని పిలుస్తున్నాడని, అక్కడ నిజంగా సేవ జరుగుతుందా లేక ఫొటోలు, పరిచయాలు, పదవులతోనే సరిపోతుందా అని అడిగారు. ఉద్యోగం చేసుకుంటూ ఎంత సమయం ఇవ్వగలనన్న సందేహం కూడా వెలిబుచ్చారు. చేరండి. చేరాక పదవి అడగకండి, రిజిస్టరు అడగండి. శిబిరానికి వచ్చినవాళ్ల పేర్లు, ఫోను నంబర్లు రాసే పుస్తకం ఉంటుంది చూడండి, అది మీ దగ్గర పెట్టుకోండి. శిబిరం ముగిసి, బ్యానరు విప్పి, కుర్చీలు సర్దేసిన తర్వాతే క్లబ్బు అసలు పని మొదలవుతుందని గట్టిగా నమ్మేదాన్ని నేను. చాలా క్లబ్బులు సరిగ్గా అక్కడే ఆగిపోతాయి.

పరిచయాల కోసమే చేరతారన్న మాట కొత్తదేమీ కాదు, దానికి జంకనక్కరలేదు. 1905 ఫిబ్రవరిలో షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో కూర్చుని రోటరీ క్లబ్బును మొదలుపెట్టినప్పుడు స్నేహమూ, ఒకరి వ్యాపారానికి ఒకరు తోడ్పడటమూ వాళ్ల ఉద్దేశాలే. ఒక్కో వారం ఒక్కొక్కరి ఆఫీసులో వంతులవారీగా తిరుగుతూ కలిసేవారు కాబట్టి, తిరగడమనే అర్థమున్న ఆ పేరు వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి అదే బృందం నగరంలో ప్రజల కోసం మరుగుదొడ్లు కట్టించాలని పట్టుబట్టింది. లయన్స్ క్లబ్బులు కూడా 1917లో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి పూనికతో, వ్యాపారుల బృందాల నుంచే పుట్టాయి. పరిచయాల కోసం వచ్చినవాళ్లు సేవలో పడటం నేనూ చూశాను. అందుకే ఎవరు ఏ ఉద్దేశంతో వచ్చారన్న విచారణ మానేశాను. వచ్చినవాళ్లకు ఏ పని అప్పగిస్తున్నామన్నదే నాకు ముఖ్యం.

మా క్లబ్బు నిర్వహించిన ఒక కంటి శిబిరం సంగతి చెబుతాను. నాకు చార్టు దగ్గర పని ఇచ్చారు. చదువు రానివాళ్ల కోసం 'ఇ' అనే ఇంగ్లీషు అక్షరాన్ని నాలుగు దిక్కులకూ తిప్పి వేసిన చార్టును ఆరు మీటర్ల దూరంలో గోడకు తగిలిస్తారు. ఆ అక్షరం కాళ్లు ఎటు ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. సరిగ్గా చూపలేనివాళ్లకు, సన్నని చిల్లులున్న నల్ల పలకను కంటికి అడ్డుపెట్టి మళ్లీ అడుగుతాం. చిల్లులోంచి చూసినప్పుడు స్పష్టంగా కనిపిస్తే సాధారణంగా అద్దాలతో సరిపోయే లోపమే. అప్పుడూ మసకగానే ఉంటే డాక్టరు లోపలికి చూడాలి. ఇంత చిన్న పలక అంత పెద్ద మాట చెప్పగలదని నాకు ఆ శిబిరంలోనే తెలిసింది.

వరుసలో ఒక పెద్దాయన వచ్చారు. వెంట ఎవరూ లేరు. గోడను తాకుతూ నడుస్తున్నారు. చార్టు చూపించి అడిగితే తడుముకోకుండా పైకి, కుడికి, కిందికి అంటూ చకచకా చేయి చూపించారు. ఆశ్చర్యపోయాను. చార్టును తలకిందులుగా తిప్పి మళ్లీ అడిగాను. మళ్లీ అవే దిక్కులు, అదే వరుసలో చూపించారు. తన ముందున్నవాళ్లు చెప్పినదంతా విని మనసులో పెట్టుకున్నారన్నమాట. పలక అడ్డుపెట్టినా ఏమీ మారలేదు. డాక్టరు చూసి రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరాయని, ముందుగా కుడి కంటికి ఆపరేషన్ చేయాలని చెప్పి కార్డు రాసిచ్చారు. పెద్దాయన ఆ కార్డును నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నారు.

ఆపరేషన్లకు తీసుకెళ్లే బస్సు దగ్గరకు ఆయన రాలేదు. రిజిస్టరులో ఆయన పేరు ఎదురుగా 'రాలేదు' అని రాశారు. అయినా శిబిరం నివేదికలో పరీక్ష చేయించుకున్నవారిలో ఆయన ఒకరు, ఆపరేషన్‌కు ఎంపికైనవారిలోనూ ఒకరు. లెక్క ప్రకారం ఆయనకు సేవ అందినట్టే! నన్ను ఆ పుస్తకం దగ్గర కూర్చోబెట్టింది ఆ కోపమే.

ఫోను చేశాను. "వచ్చేసారి వస్తానులే తల్లీ" అన్నారు. కొన్నాళ్లు ఆగి మళ్లీ చేశాను. అదే మాట. భయపడుతున్నారేమోనని ఆపరేషన్ గురించి వివరించాను. మబ్బు పట్టిన కటకాన్ని తీసి కృత్రిమ కటకం పెడతారని, మత్తు కంటి వరకే ఇస్తారని, నొప్పి పెద్దగా ఉండదని చెప్పాను. శ్రద్ధగా విని, "అదంతా డాక్టరుగారు చెప్పారమ్మా" అన్నారు. చివరికి, "మీతో ఎవరు వస్తారు తాతగారూ?" అని అడిగాను. కాసేపు జవాబు లేదు. తర్వాత, "నాతో ఎవరూ రానక్కరలేదు తల్లీ, ఆవిడ దగ్గర ఎవరు ఉంటారు?" అన్నారు.

వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య పక్షవాతంతో మంచం మీద ఉన్నారు. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. తిండి, మందులు, శుభ్రం అన్నీ ఆయనే చూసుకుంటున్నారు. ఆవిడ మాత్రల పట్టీలకు రబ్బరు బ్యాండ్లు చుట్టి ఉన్నాయి. ఉదయం వేసేదానికి ఒకటి, రాత్రి వేసేదానికి రెండు. మధ్యాహ్నం మాత్రకు ఏదీ లేదు. కళ్లు మసకబారాక వేళ్లతో తడిమి తెలుసుకోవడానికి ఆయన చేసుకున్న ఏర్పాటది. చార్టు దగ్గర దిక్కులు గుర్తుపెట్టుకున్న మనిషి ఇంట్లోనూ అదే జ్ఞాపకంతో నెట్టుకొస్తున్నారు.

మా క్లబ్బు దగ్గర ఆపరేషన్‌కు డబ్బుంది, బస్సుంది, నల్ల కళ్లద్దాలున్నాయి. ఒక మంచం పక్కన ఒక రాత్రి కూర్చునే మనిషి మాత్రం ఆ ఏర్పాట్లలో లేదు. సమావేశంలో చెబితే మొదట కొందరు అది మన పరిధి కాదన్నారు. నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక సభ్యురాలు లేచి, "రాత్రి నేనుంటాను, పగలు ఎవరుంటారో చెప్పండి" అన్నారు. పగలు నేను ఉన్నాను. మంచంలోని మనిషిని నొప్పి కలగకుండా పక్కకు ఎలా తిప్పాలో, వీపుకు దిండు ఎక్కడ ఆనించాలో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఆపరేషన్ అయిన మర్నాడు పెద్దాయన కంటికట్టు విప్పినప్పుడు ఇంకో సభ్యుడు పక్కన ఉన్నాడు. కట్టు విప్పగానే ఆయన డాక్టరు వంక గాని, కిటికీ వంక గాని చూడలేదట. తన రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుని, గోళ్లు ఇంత పెరిగాయా అని నొచ్చుకుని, కత్తిరించేది ఏదైనా ఉందా అని నర్సును అడిగారట. ఇంటికి వచ్చాక పట్టీల మీది రబ్బరు బ్యాండ్లు తీసేయమంటారా అని అడిగితే, "రెండో కన్ను కూడా కానివ్వమ్మా" అన్నారు. ఆ తర్వాత కొన్ని వారాలపాటు చుక్కల మందు వేళకు వేసుకున్నారా లేదా అని ఫోన్లు చేస్తూనే ఉన్నాను. ఆపరేషన్ ఎంత చక్కగా జరిగినా చుక్కలు మానేస్తే ప్రమాదమే. ఆ చుక్కల కోసం చేసే ఫోన్లను ఎవరూ ఫొటో తీయరు.

అప్పటి నుంచి మా శిబిరం ఫారంలో ఒక గడి చేర్చాం: 'తోడు ఎవరు వస్తారు? ఇంట్లో ఎవరిని చూసుకోవాలి?' చేరి తీరాలని నేను పోట్లాడి చేర్పించినదది. నా దృష్టిలో ఏ క్లబ్బు ఫారమైనా ఆ గడి లేనిదే పూర్తి కాదు.

ఫొటోల సంగతి అడిగారు కదా. ఫొటో మీద నాకు పగ లేదు, చందా ఇచ్చినవాళ్లకు పని జరిగిందని చూపించాలి. కానీ కళ్లద్దాలు అందుకునే ముసలమ్మను పదిమంది మధ్య నిలబెట్టి, అటు చూడు, ఇటు చూడు అంటూ పది నిమిషాలు ఆపడం నాకు గిట్టదు. మొక్కలు నాటే కార్యక్రమమైతే మరీ బాధగా ఉంటుంది. నాటిన రోజు మొక్క కంటే మనుషులే ఎక్కువ, ఎండలు ముదిరాక నీళ్లు పోసేవాడు ఒక్కడూ ఉండడు. పాత బట్టల పంపిణీకి గుండీలు ఊడిన చొక్కాలు, జిప్పు పాడైన సంచులు తెచ్చి ఇచ్చేవాళ్లకు కూడా ఒక మాట: మీరు తొడుక్కోలేనిది ఇంకొకరు మాత్రం ఎలా తొడుక్కుంటారు?

రక్తదానం విషయంలోనూ నా గొడవ ఇదే. ఏదో ఒక ప్రత్యేక దినం చూసుకుని అందరూ ఒకేసారి ఇస్తారు. ఎర్ర రక్తకణాలను నిల్వ చేసినా దాదాపు 42 రోజులే, ప్లేట్‌లెట్లయితే ఐదు నుంచి ఏడు రోజులే. ఒకసారి ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే కొన్ని నెలలు ఆగాలి. ఒక్కరోజు పెద్ద శిబిరం పెట్టి సంఖ్య చాటుకోవడం కంటే, దాతల జాబితాను నెలల వారీగా పంచుకుని, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లకు ఫోను చేసే క్లబ్బే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందని నా నమ్మకం.

కావాలంటే పోలియో సంగతి చూడండి. రోటరీ 1985లో ఆ పని భుజాన వేసుకుంది. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇతర సంస్థలతో కలిసి ప్రపంచవ్యాప్త కార్యక్రమం మొదలయ్యేనాటికి 125కు పైగా దేశాల్లో ఏడాదికి సుమారు 3,50,000 మంది పిల్లలు ఆ జబ్బు పాలయ్యేవారు. సహజ పోలియో కేసులు ఆ తర్వాత 99 శాతానికి పైగా తగ్గాయి. కేవలం చుక్కల మందుతోనే అది సాధ్యమైందని నేను అనుకోను. చుక్కలు వేసిన పిల్లల వేలికి సిరా గుర్తు పెట్టి, ఇంటి తలుపు మీద సుద్దతో రాసి, తాళం వేసి ఉన్న ఇంటికి మళ్లీ వెళ్లినవాళ్ల కాళ్ల కష్టం అందులో ఉంది. మొదటిసారి దొరకని పిల్లాడి కోసం రెండోసారి తలుపు తట్టడమే నేను సేవ అంటాను.

మీరు మహిళ అయితే ఇంకో మాట. నేను చేరిన కొత్తలో ఆతిథ్యం పనులు, అలంకరణ పనులు నావేనన్నట్టు చూసేవారు. ఈ క్లబ్బుల చరిత్రలోనే అది ఉంది. లయన్స్ తలుపులు మహిళలకు తెరుచుకున్నది 1987లో. అదే ఏడాది మహిళలను రోటరీ నిరాకరించడం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చాక, 1989లో రోటరీ తన నిబంధన మార్చుకుంది. అన్ని దశాబ్దాలు సగం చేతులను బయటే ఉంచి సేవ చేశారంటే ఎంత పని ఆగిపోయి ఉంటుందో ఆలోచించండి. అందుకే ఎవరైనా మీకు పుష్పగుచ్ఛాల బాధ్యత ఇస్తే మర్యాదగా వద్దనండి, జాబితా అడిగి తీసుకోండి.

చేరే ముందు కోశాధికారితో కూడా మాట్లాడండి. ప్రజల దగ్గర సేకరించిన సొమ్ము ప్రజల పనికే వాడాలని, క్లబ్బు సొంత ఖర్చులకు వాడకూడదని లయన్స్‌లో నియమం ఉంది. విందులు, సమావేశాల ఖర్చు సభ్యుల చందాలోంచి పోవాలి. రెండు ఖాతాలూ వేరువేరుగా ఉన్నాయా అని అడగండి, అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోనక్కరలేదు. అలాగే శిబిరంలో రాసుకున్న ఫోను నంబర్లను ఎవరి చేతికీ ఇవ్వకండి. ఒక సభ్యుడు తన వ్యాపారం కోసం మా జాబితా అడిగితే ఇవ్వనన్నాను. ఆయన చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఆ నంబర్లు కంటి బాధ చెప్పుకుని ఇచ్చినవి.

ఇక సమయం విషయానికి వస్తే, శిబిరాలు ఎక్కువగా సెలవు రోజుల్లోనే పెడతారు. ఫోన్లు చేయడానికి వారానికి ఒక సాయంత్రం కేటాయిస్తే ఉద్యోగానికి అడ్డు రాదు. పగలు కష్టం చేసుకునేవాళ్లు చీకటి పడ్డాకే ఫోను ఎత్తుతారు కాబట్టి మీకు ఆఫీసు తర్వాత ఉన్న వేళే వాళ్లకూ అనుకూలం. పక్కన ఒక పెన్ను పెట్టుకోండి. ఎవరైనా రానంటే ఆ పేరు కొట్టేయకుండా, ఏ కారణం చెప్పారో పక్కన రాసి, మళ్లీ చేయాల్సిన తేదీ వేసుకోండి.